నాలుగు నిమిషాల సంతకం

మనుషుల్ని ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదు. మా ఆవిడను అడిగినా చెబుతుంది, పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో నేను "బాగుంది" అన్న సందర్భాలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయని. అలాంటివాణ్ణి ఇవాళ నోరారా మా కోడల్ని మెచ్చుకోబోతున్నాను. అయితే ఆ సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను బాయిలరు మనిషిని. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ మాది. ముందు హాల్లో ఉతికే యంత్రాలు, పక్కన ఇస్త్రీ రోలర్లు, ఆ పక్కన ప్యాకింగు. అన్నిటికీ వెనక రేకుల షెడ్డులో నేనూ నా బాయిలరూ. మేం ఆవిరి పంపకపోతే ముందున్నవాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అందరూ నన్ను పెద్దమేస్త్రి అంటారు. ముప్పై ఒక్కేళ్ళలో నా షెడ్డులో ఎవరికీ చిటికెన వేలు కూడా కాలలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. వానలు పడితే ఎక్కడా గుడ్డ ఆరదు కాబట్టి బట్టలన్నీ మా గుమ్మంలోకే వస్తాయి. ఉన్న బాయిలరు చాలక యాజమాన్యం ఇంకొకటి తెప్పించింది. వానాకాలం వెళ్ళేలోగా దాన్ని వెలిగించాలి, రెంటినీ చూసుకోవడానికి ఇంకో ముగ్గురు మనుషుల్ని తయారుచేయాలి.

"మీ వెనకాల తిరిగి నేర్చుకోవాలంటే ఒక్కొక్కరికి ఏడాది పడుతుంది. ట్యాబ్‌లో పాఠాలు పెడదాం మేస్త్రిగారూ," అన్నారు మేనేజరుగారు.

ఆ పాఠాలు తయారుచేయడానికి ఎవరిని తీసుకున్నారయ్యా అంటే, మా కోడల్ని. నేను సిఫారసు చేశానని లాండ్రీ అంతా అనుకుంది. నేను చేయలేదు, చేయమని ఆమె అడగనూ లేదు. దరఖాస్తు తనే పెట్టుకుంది, పరీక్ష తనే రాసింది. మూడు నెలలు చూస్తామనీ, పాఠాలు పనికొస్తే ఉద్యోగం ఖాయమనీ, లేకపోతే లేదనీ చెప్పి చేర్చుకున్నారు.

అప్పటికి ఆమె మా ఇంటికి వచ్చి ఏడాదయింది. మా ఇద్దరి మధ్య మాటలన్నీ మా ఆవిడ మీదుగా నడిచేవి. "మామయ్యగారు టీ తాగుతారేమో అడగండి అత్తయ్యా," అని ఆమె అంటే, ఎదురుగా కూర్చున్న నేను "తాగుతానని చెప్పు," అనేవాణ్ణి. మా ఆవిడ ఇద్దరినీ చూసి, "నన్నొక టెలిఫోను స్తంభం చేశారు," అని విసుక్కునేది. మావాడు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. అక్కడ ఎవరి రక్తమైనా చూసి ఏముందో చెప్పగలడు గానీ, ఇంట్లో మాత్రం నోరెత్తడు.

చేరిన రెండోరోజే ఆమె మా షెడ్డు తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో ట్యాబు, మెడలో కొత్త గుర్తింపు కార్డు.

"సార్, ఒక్క గంట మీరు పనిచేస్తుంటే పక్కన నిలబడి చూడచ్చా?"

ఆ "సార్" ఎవరినా అని వెనక్కి తిరిగి చూశాను. నన్నే. ఇంట్లో మామయ్యగారిని, ఇక్కడ సార్‌ని. నా కింద పనిచేసేవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"నడుస్తున్న బాయిలరు దగ్గర చూడ్డానికి వచ్చేవాళ్ళకి చోటు లేదు. సెలవురోజు రా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో," అన్నాను.

ఆమె సరేనంది. నిజంగానే సెలవురోజు వచ్చింది. నేను ఇంట్లో పడుకున్నాను. చల్లారిన బాయిలరు చుట్టూ తిరిగి, ఫోటోలు తీసుకుని, యంత్రంతోపాటు వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని పాఠాలు రాసుకుంది. నలభై తెరల పాఠం. చివర ఇరవై ప్రశ్నలు. అంతా అయ్యాక, నేను చూసి ఆమోదించాలని నాకు పంపింది. అది నిబంధనట.

ఇదీ నా తప్పు. భోజనానికి వెళ్ళబోతూ ఆ ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ వస్తే నొక్కడం, ఇంకో బొమ్మ వస్తే ఇంకోసారి నొక్కడం. ట్యాబులో బాయిలరేమిటి, నా తలకాయ, అనుకుంటూ నలభై తెరలూ దాటేశాను. చివర "పరిశీలించాను, ఆమోదిస్తున్నాను" అని ఉన్నచోట వేలితో సంతకం గీకాను. వెళ్ళేసరికి పులుసు ఇంకా పొయ్యి దిగలేదు.

కొత్త ముగ్గురిలో ఒకడికి అందరం "నోట్‌బుక్" అని పేరు పెట్టాం. నలభై దాటిన మనిషి, పన్నెండేళ్ళు ప్యాకింగులో చేసి మా వైపు వచ్చాడు. ఏ మాట చెప్పినా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటాడు. "గట్టిగా బిగించు" అంటే, ఎంత గట్టిగానో రాసుకునేదాకా ఊరుకోడు. ట్యాబు పాఠంలో అతనికి ఇరవైకి ఇరవై వచ్చాయి. మేనేజరుగారు ఆ మార్కుల కాగితం గోడకు అంటించారు. మా కోడలు ఆ రోజు ఇంటికి వచ్చి, "మామయ్యగారికి చెప్పండి అత్తయ్యా, ముగ్గురూ పాసయ్యారని," అంది. "విన్నానని చెప్పు," అన్నాను.

తర్వాత పదిరోజులకు, పొద్దున్నే ఏడింటికి షెడ్డులోకి వెళ్ళాను. అయిదింటికే మంట వెలిగించి నోట్‌బుక్ తన పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. బయట వాన దంచుతోంది.

బాయిలరు లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో తెలియడానికి పక్కన నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. మా పాతదానికి ఉన్నది అదొక్కటే. లోపల ఎంత ఎత్తున నీళ్ళుంటే గాజులోనూ అంత ఎత్తున కనిపిస్తాయి. చొక్కా కొక్కేనికి తగిలిస్తూ అలవాటుగా అటు చూశాను. సగానికి నీళ్ళున్నాయి. ఉండవలసినంతే ఉన్నాయి. కానీ కదలడం లేదు.

మంట మీదున్న బాయిలరులో నీళ్ళు ఒక్క క్షణం ఊరుకోవు. గాజులో ఆ అంచు నిద్రపోతున్న పిల్లి పొట్టలా మెల్లగా లేస్తూ దిగుతూనే ఉంటుంది. అది ఆగిందంటే గాజుకూ బాయిలరుకూ సంబంధం తెగిందని అర్థం. కనిపించేవి ఎప్పటివో పాత నీళ్ళు. లోపల ఎంతున్నాయో దేవుడికే తెలియాలి.

"నీళ్ళు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"పొద్దుట్నుంచీ బాగానే ఉన్నాయి మేస్త్రీ. సరిగ్గా సగానికి. అస్సలు తగ్గలేదు," అన్నాడు నోట్‌బుక్, మంచి వార్త చెబుతున్నట్టు.

గాజు కింది కుళాయి తిప్పాను. ఉన్న నీళ్ళు జారిపోయాయి. మూశాను. మామూలుగా అయితే ఎగిరి దూకినట్టు తిరిగి రావాలి. రాలేదు. గాజు ఖాళీగా ఉండిపోయింది.

"అయ్యో, నీళ్ళు లేవు. పంపు వేస్తాను," అంటూ నోట్‌బుక్ స్విచ్చు వైపు చెయ్యి చాచాడు.

ఆ చేతిమీద ఒక్కటి వేశాను. నా సర్వీసులో తోటి మనిషి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. తర్వాత మంట ఆపాను. అందర్నీ షెడ్డు బయటికి పంపి, నేను కూడా వెళ్ళి వానలో నిలబడ్డాను.

మధ్యాహ్నానికి చల్లారాక విప్పి చూస్తే కింది గొట్టం నిండా బురద. వానలకు రంగు మారి వచ్చిన నీళ్ళు చేసిన పని. నీళ్ళు తగ్గితే గంట మోగే ఏర్పాటుకు కూడా ఆ గొట్టమే దారి కాబట్టి గంటా మోగలేదు. లోపల నీళ్ళు ఎంత అడుక్కి పోయాయో కొలిచి, నమ్మలేక రెండోసారి కూడా కొలిచాను. కాలి ఉన్న ఇనుము మీద అప్పుడు ఆ చల్లని నీళ్ళు పడి ఉంటే, ఆ షెడ్డూ ఉండేది కాదు, మేమూ ఉండేవాళ్ళం కాదు.

మేనేజరుగారి గదిలో నలుగురం. నోట్‌బుక్ తన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. పన్నెండో పేజీలో గాజుగొట్టం బొమ్మ, సగానికి నీళ్ళు, అంచు గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. కింద "ఇలా ఉంటే క్షేమం" అని రాసుకున్నాడు.

"ట్యాబులో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉన్నాయి సార్. నేను రెండుసార్లు పోల్చి చూసుకున్నాను," అన్నాడు.

అతను అబద్ధమాడలేదు. ఆ బొమ్మ సెలవురోజు చల్లారిన బాయిలరు దగ్గర తీసినది. అందులో ఉన్నవి కదలని నీళ్ళే. పాఠం అతనికి ఏం చూపించిందో అదే నేర్చుకున్నాడు, చక్కగా నేర్చుకున్నాడు. మార్కులు ఎక్కువ వచ్చినవాడే అందరికంటే నమ్మకంగా తప్పు చేశాడు.

"పాఠం నేను చేసింది. తప్పు నాది సార్," అంది మా కోడలు.

మేనేజరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ మీద నాకు కోపం లేదమ్మా. కానీ ఇది దుప్పట్లు మడతపెట్టే పని కాదు కదా. ఈ పాఠాలు ఇక్కడితో ఆపేద్దాం. నెలాఖరుదాకా ఆఫీసు పని ఏదైనా చూసుకో."

నెలాఖరుదాకా అంటే ఆ తర్వాత రానక్కర్లేదని. గదిలో అందరికీ అర్థమైంది. ఆమె తల వంచుకుని బల్ల మీదున్న ట్యాబు అందుకోబోయింది. ఆ తెర మీద పాఠం తాలూకు మొదటి పేజీ తెరిచి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో నా సంతకం, దాని పక్కన "పరిశీలనకు పట్టిన సమయం: నాలుగు నిమిషాలు" అని ఉంది. ఆ యంత్రం అది కూడా రాసుకుంటుందని నాకు తెలియదు. ఆమెకు తెలుసు. పంపిన రోజు నుంచీ తెలుసు. ఇంట్లో అనలేదు, ఇక్కడా అనలేదు.

నాకు సిగ్గేసింది. ఇంకో మాటేదైనా పెట్టి చెప్పవచ్చు గానీ అది సిగ్గే.

"ఆగమ్మా," అని ట్యాబు మేనేజరుగారి వైపు తిప్పాను. "ఇది చూడండి సార్. నలభై తెరలు నాలుగు నిమిషాల్లో చూశానట. చూడలేదు. ఊరికే నొక్కాను. ఆ బొమ్మ ఒక్కసారి కళ్ళతో చూసి ఉంటే అప్పుడే పట్టుకునేవాణ్ణి. నడుస్తుండగా వచ్చి చూస్తానంటే రానివ్వనిది కూడా నేనే. పంపించెయ్యాలంటే నన్ను పంపించండి."

మేనేజరుగారు ట్యాబు దగ్గరికి లాక్కుని ఆ నాలుగు నిమిషాల లెక్క చూశారు. "మిమ్మల్ని పంపిస్తే బాయిలరు ఎవరు చూస్తారు? మీరూ ఈ అమ్మాయీ కలిసి మళ్ళీ చెయ్యండి. వానలు వెళ్ళేదాకా టైమిస్తాను. కొత్త బాయిలరు అప్పటిదాకా వెలిగించను. నాకు మార్కుల కాగితాలొద్దు. ఆ షెడ్డులో వీళ్ళలో ఎవరున్నా నేను ఇంట్లో నిశ్చింతగా ఉండగలగాలి. అది కాకపోతే పాఠాలూ వద్దు, ఆ ఉద్యోగమూ వద్దు."

బయట వరండాలో ఆమె నాతో నేరుగా మాట్లాడింది. మధ్యలో మా ఆవిడ లేకుండా మేం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"ఎందుకు చెప్పారు మామయ్యగారూ?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమొస్తుంది? మీమీద చెప్పినంత మాత్రాన ఆ బొమ్మలో నీళ్ళు కదులుతాయా?"

"రేపు పొద్దున్నే రా. నడుస్తుండగానే చూద్దువుగాని," అన్నాను.

మూడురోజులు ఆమె నా వెనకాలే తిరిగింది. ఫోనుతో నన్ను వీడియో తీసింది. మొదటిరోజు అడిగింది, షిఫ్టులోకి రాగానే ఏం చేస్తారని. "ఏముంది, ఒకసారి చూసి రిజిస్టరులో రాస్తాను," అన్నాను. సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద వీడియో పెట్టి చూపించింది. రిజిస్టరు ముట్టుకునేలోపల నేను పదకొండు పనులు చేస్తున్నాను. గుమ్మంలో ఆగి వాసన చూస్తున్నాను. పంపు చప్పుడుకు తల పక్కకి వంచుతున్నాను. నీళ్ళ పైపు దగ్గర అరచెయ్యి వెనకవైపు పెట్టి వేడి చూస్తున్నాను. గాజు కుళాయి తిప్పి మూసి, మళ్ళీ తిప్పి మూసి, నీళ్ళు ఎంత చురుగ్గా తిరిగొస్తున్నాయో చూస్తున్నాను. ఇన్నేళ్ళుగా చేస్తున్నా, చేస్తున్నానని నాకే తెలియదు.

"పుస్తకంలో వీటిలో మూడే ఉన్నాయి మామయ్యగారూ. మిగతా ఎనిమిదీ మీ ఒంట్లో ఉన్నాయి. వాటిని బయటికి తియ్యాలి," అంది.

మా ఆవిడ కూడా వంగి చూసి, "ఇంత పని చేస్తారా మీరు? అక్కడ కూర్చుని కునుకు తీస్తారనుకున్నాను నేను," అంది. పొగడ్తో కాదో తెలియలేదు గానీ, నాకు లోపల సంతోషం వేసింది.

అక్కణ్ణుంచి మా భోజనాల బల్ల లాండ్రీకి బ్రాంచి ఆఫీసైపోయింది. సాయంత్రం అయిదున్నర నుంచి తిండి వేళదాకా ఇద్దరం కూర్చునేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం కూడా. ఆమె నలభై తెరలూ తీసిపారేసి తొమ్మిది చిన్న పాఠాలు చేస్తానంది, ఒక్కొక్కటీ రెండేసి నిమిషాలు. నాకు నచ్చలేదు.

"ముందు బాయిలరంటే ఏమిటో చెప్పొద్దా? ఎప్పుడు కనిపెట్టారు, ఎన్ని రకాలు?"

"అది తెలియకపోవడం వల్ల ఎవరి చెయ్యీ కాలలేదు కదా. మనిషి ఎక్కడ తడబడతాడో అక్కడ మొదలుపెడదాం. పొద్దున్న ఏడయింది, నువ్వు లోపలికొచ్చావు, గాజు ఇలా ఉంది, ఏం చేస్తావు? అంతే."

"చెప్పకుండానే అడిగితే తప్పు చెబుతారు."

"చెప్పనివ్వండి. ఇక్కడ తప్పు చేస్తే ఎవరికీ ఏమీ కాదు. తప్పుచేసి చూసినది మర్చిపోరు."

నేను ఒప్పుకోలేదు. అప్పుడు మా ఆవిడ కూరగాయల కత్తి పట్టుకుని వచ్చి, "ఇంతకీ గాజులో నీళ్ళు లేకపోతే నీళ్ళు పొయ్యాలి గదా, పాపం ఆయన్నెందుకు కొట్టారు?" అంది.

"పొయ్యి మీద ఖాళీ మూకుడు మర్చిపోయి, ఎర్రగా కాలాక నీళ్ళు పోస్తే ఏమవుతుంది?" అన్నాను.

"చిటపటమని మొహం మీదకి కొడుతుంది. మొన్నే కదా మీ అబ్బాయి..." అంటూ ఆగిపోయింది. "అంటే ముందు పొయ్యి కట్టెయ్యాలన్నమాట."

మా కోడలు నా వైపు చూసింది. ఇరవై ప్రశ్నల పరీక్ష నేర్పలేనిది ఒక్క తప్పు జవాబుతో మా ఆవిడకి అర్థమైపోయింది. "సరే, నువ్వన్నట్టే కానీ," అన్నాను. మొదటి పాఠం ఆ మూకుడుతోనే మొదలైంది.

గొంతు ఎవరిది పెట్టాలన్నది ఇంకో గొడవ. బాయిలరు నాది కాబట్టి గొంతూ నాదే ఉండాలన్నాను. రికార్డు చేసి వినిపించింది. మా ఆవిడ ఒక్క నిమిషం విని, "మీ గొంతు వింటే తప్పు చేసినవాడు దాక్కుంటాడు గానీ, వచ్చి చెప్పడు," అంది. మావాడు ఆ రోజు మొదటిసారి నోరు విప్పి, "అమ్మ చెప్పింది నిజం నాన్నా," అన్నాడు. అలా ఆ పాఠాల్లో గొంతు మా ఆవిడదైంది. పంపు స్విచ్చు తప్పుగా నొక్కితే తెర నల్లబడి, ఆమె గొంతు నెమ్మదిగా వస్తుంది: "ఆగు నాయనా. పంపు ముట్టుకోకు. ముందు మంట కట్టెయ్."

నోట్‌బుక్ మళ్ళీ ప్యాకింగుకు వెళ్ళిపోతానని మేనేజరుగారికి చీటీ రాసిపెట్టాడు. మా కోడలు ఆ చీటీ అందుకుని అతని దగ్గరికే వెళ్ళింది. "ఈ పాఠం ఎక్కడ మోసం చేస్తుందో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ప్రతిదీ ముందు మీరే చూసి చెప్పాలి," అంది. అతను చూశాడు, ఒక్కొక్కదానికి రెండు పేజీలు రాసుకొచ్చాడు. "ఇక్కడ జవాబు ఎప్పుడూ మూడోదే ఉంది, చదవకుండా నొక్కచ్చు," అని ఒకటి. "ఇక్కడ చేతికి గ్లౌజు ఉంటే తెర పలకదు," అని ఇంకొకటి. అన్నీ మార్చింది. ప్లాస్టిక్ కవరు తొడిగిన ట్యాబొకటి షెడ్డు గోడకే తగిలించింది. షిఫ్టు ఎక్కేవాడికి రోజుకొక్క వీడియో, ఒక్క ప్రశ్న. ఏ రోజు ఏది వస్తుందో తెలియదు. గాజులో నీళ్ళు ఒకరోజు కదులుతుంటాయి, ఒకరోజు కదలవు. మార్కులు లేవు.

వానలు వెనకపడుతుండగా నాకు దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఇక భరించలేక ఒకరోజు సెలవు పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పన్ను పీకి, నోటినిండా దూది కుక్కి, గంటసేపు నోరు తెరవద్దని చెప్పాడు. అప్పుడు మోగింది ఫోను. నోట్‌బుక్.

"మేస్త్రీ, కంగారు పడకండి, అంతా అయిపోయాకే చేస్తున్నాను," అన్నాడు. ఆ మాటతోనే నాకు కంగారు మొదలైంది. అరుద్దామంటే నోట్లో దూది. "ఊఁ," అన్నాను.

"పొద్దున్న షిఫ్టు ఎక్కగానే గాజు కుళాయి తిప్పాను. నీళ్ళు పోయాయి. మూశాను. వచ్చాయి గానీ, ఈడ్చుకుంటూ వచ్చాయి. ఇంకోసారి చూశాను, అంతే. పంపు ముట్టుకోలేదు. మంట ఆపాను. మనుషుల్ని బయటికి పంపాను. చల్లారాక విప్పి చూస్తే మళ్ళీ బురదే మేస్త్రీ, సగం గొట్టానికి. ఇంకా పూర్తిగా మూసుకోలేదు. కడిగేశాం. ఇప్పుడు నీళ్ళు చక్కగా ఆడుతున్నాయి."

"ఊఁ," అన్నాను.

"చెయ్యి నిజంగానే పంపు వైపు పోయింది మేస్త్రీ. అబద్ధమెందుకు. పెద్దమ్మగారి గొంతు వినబడింది చెవిలో. ఆగు నాయనా అని. ఆగిపోయాను."

ఈసారి "ఊఁ" కూడా రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. డాక్టరు చూసి నొప్పి అనుకుని ఇంకో మాత్ర ఇచ్చాడు. నొప్పి కాదు నాయనా, మా కోడలు, అని చెప్పాలని ఉంది నాకు. ఎదురుగా కూర్చున్న రోగులందరికీ వరసపెట్టి చెప్పాలని ఉంది. దూది అడ్డం. నేను లేనప్పుడు కూడా నా పని అక్కడ జరిగింది. ముప్పై ఒక్కేళ్ళలో నేను ఒక్క మనిషికీ ఒప్పజెప్పలేకపోయిన దాన్ని, ఆమె ఒక్క వానాకాలంలో ఒప్పజెప్పింది.

వారం తర్వాత కొత్త బాయిలరు వెలిగించారు. మా కోడలి చేతికి ఉద్యోగం ఖాయం చేసిన కాగితం వచ్చింది. దాంతోపాటే మేనేజరుగారు ఇంకో కాగితం పంపారు, షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరూ తొమ్మిది పాఠాలూ పూర్తిచేయాలని. ప్రతి ఒక్కరూ అంటే నేనూ.

"పాఠం చెప్పినవాడికే పరీక్షా?" అన్నాను ఇంటికొచ్చి.

"నిబంధన మామయ్యగారూ," అంది, నవ్వకుండా.

సెలవురోజు పొద్దున్న బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా ఆమె, పక్కన టీ గ్లాసుతో మా ఆవిడ. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క వీడియో చూసి, ఆపి, మళ్ళీ చూసి, అప్పుడు వేలు పెట్టాను. ఎనిమిది పాఠాలు సాఫీగా దాటాయి. తొమ్మిదోది నేనెప్పుడూ చూడనిది. గాజులో నీళ్ళు నిలబడి ఉన్నాయి. "చచ్చిన నీళ్ళు. మంట ఆపాలి," అని నొక్కాను.

"ఇంకోసారి చూడు నాయనా," అంది ట్యాబులోంచి మా ఆవిడ. పక్కనున్న మా ఆవిడ టీ తాగుతూ నవ్వింది.

కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాను. కదులుతున్నాయి. చాలా సన్నగా, వెంట్రుకవాసి మేర.

"అది కొత్త బాయిలరు మామయ్యగారూ. దాని గొట్టం లావు, అందుకని నీళ్ళు అంతే కదులుతాయి. పాతది అలవాటైన కళ్ళకి కదలనట్టే ఉంటుంది. నోట్‌బుక్ గారు కనిపెట్టారు. తొమ్మిదోదాంట్లో పాత వీడియో తీసి ఇది పెట్టాను," అంది.

వేలు సరైనచోట పెట్టాను. మళ్ళీ మొదటి పాఠం నుంచి ఒకసారి చూసుకుని, అప్పుడు సంతకం చేశాను. తెర మీద చిన్న అక్షరాలు వచ్చాయి: "పట్టిన సమయం: నలభై ఒక్క నిమిషాలు."

"ఇప్పటిదాకా అందరికంటే ఎక్కువసేపు పట్టింది మీకే," అంది కోడలు.

"ఉండనీ. గోడకి అంటించుకోమను మీ మేనేజరుగారిని."

ఆమె ట్యాబు తీసుకుని లేవబోయింది. "అమ్మాయ్," అన్నాను. ఆగింది. ఇలాంటివి చెప్పడం నాకు చేతకాదు. ఒక్క మాటే వచ్చింది.

"బాగుంది."

మా ఆవిడ టీ గ్లాసు కిందపెట్టి, ఎడమచెయ్యి పైకెత్తి, ఇంకో వేలు మడిచింది.